కాకి తరఫు వకీలు

జూన్ తొమ్మిదవ తేదీ, ఆదివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మా ఊరి పాలకేంద్రం అరుగు ముందు నిలబడి నేను నా జీవితంలో మొదటి ఉపన్యాసం మొదలుపెట్టాను. డిగ్రీ చేతికి వచ్చిన ఆ కొత్తలో మనిషికి ఒక జబ్బు ఉంటుంది. తనకు తెలిసింది చెబితే చాలు, లోకం తనంతట తాను సర్దుకుంటుందని నమ్మడం. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే కావడంతో (అదీ హిందూపురంలో, వృక్షశాస్త్రం) ఆ జబ్బు నాకు కాస్త ముదిరే ఉండేది.

చిలమత్తూరు దాపున మా నాయనకూ, ఆయన అన్న అయిన మా పెద్దనాయనకూ పక్కపక్కన చేన్లు, చేన్లలోనే ఇళ్ళు. నడుమ రాతికూసాలు పాతి లాగిన తీగ కంచె. ఆ తీగ కిందుగా ఎవరూ గమనించకుండానే వేపచెట్లు వరుసగా లేచాయి. కొత్త ఇంటి వాకిళ్ళకూ కిటికీలకూ వాటిని కొట్టిస్తానన్నారు పెద్దనాయన. "నేను నాటిన చెట్లు నువ్వెట్ల కొడతావు?" అన్నారు నాయన. "నువ్వు నాటినావా? బిందెలతో నీళ్ళు మోసింది నేను!" అన్నారు పెద్దనాయన. విచిత్రం ఏమిటంటే ఇద్దరూ అబద్ధం ఆడటం లేదు. తామే నాటినట్టు ఇద్దరికీ గట్టిగా గుర్తుంది. ఉగాది నాటికి మాటలు ఆగిపోయాయి. కంచెలో మనిషి దూరే సందుకు ముళ్ళకంప అడ్డం పడింది. కంపకు అవతల మా పెద్దమ్మ. నేను కాలేజీకి పోయినన్నాళ్ళూ పొద్దున్నే నాకు జడ వేసింది ఆమే. ఇప్పుడు కంప మీదుగా ఒకసారి చూసి, తల దించుకొని వెళ్ళిపోయేది. కోత రంపం సోమవారం వస్తుందన్నారు. చెట్లు పడితే ఆ కంప ఇక ఎన్నటికీ లేవదని నాకు భయం పట్టుకుంది. అందుకే ఆదివారం పంచాయితీ కూర్చోగానే, నన్నెవరూ అడగకపోయినా సాక్ష్యం చెప్పడానికి లేచాను.

తీర్పు చెప్పవలసిన పెద్దమనిషి మీసాల తాత. నేను గొంతు సవరించుకొని, "ఈ వృక్షాలను మీలో ఎవరూ నాటలేదు. పక్షులు ఫలాలను భుజించి, తీగపై విశ్రమించి, విత్తనాలను విసర్జించాయి" అన్నాను. (నిజంగానే 'భుజించి' అన్నాను.)

"అంటే ఏమ్మే?" అన్నాడు తాత.

"కాకి రెట్టలో గింజలు పడి మొలిచినాయి, తాతా."

అరుగంతా గొల్లుమంది. అక్కడితో కూర్చుంటే మర్యాదగా ఉండేది. కానీ శాస్త్రాన్ని సగంలో వదలకూడదని మేకలను కూడా ఎత్తుకున్నాను. మేకలు వేపపండ్లు మింగి, నీడన పడుకొని నెమరు వేస్తూ గింజలను ఉమ్మేస్తాయనీ, కంచె పక్కన గుంపుగా మొలిచినవి అవేననీ విడమరిచి చెప్పాను.

పెద్దనాయన ఎగిరి లేచారు. "ఇన్నారా అందరూ? ఆడ పండుకొనేది నా మేకలు! అంటే చెట్లు నావే!"

"నీ మేకలు తిన్న పండ్లు యాడివి? నా చేనిలో చెట్టువి!" నాయన కూడా లేచారు.

నేను ఆర్పడానికి వచ్చిన మంట నా చేతి గాలికే రాజుకుంది. పాల చెంబుతో వచ్చిన పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. పుస్తకభాష ఎటు పోయిందో పోయింది. "కూసం నెత్తిన పగుల్లో ఒక మొలక ఉండాది గదా! దాన్ని మీ ఇద్దర్లో ఎవురు ఎక్కి నాటినారు? లేకుంటే మేక ఎక్కిందా?" అని అరిచాను.

అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నువ్వు ఎక్కినావారా?" అన్నారు పెద్దనాయన. ఉగాది తర్వాత ఆయన తమ్ముణ్ణి పలకరించడం అదే మొదలు.

"గడప దాటేకే నాకు మోకాళ్ళు పట్టుకుంటాండాయి, యాడెక్కేదన్నా," అన్నారు నాయన.

తాత మీసం దువ్వాడు. "అయితే ఇనండప్పా. చెట్లు కాకివి. కాకి వచ్చి అడిగేదాంకా వాటి మీద ఎవురూ గొడ్డలి పెట్టేకి ల్యాదు. రంపమోనికి రావద్దని ఫోన్ చేయండి."

"ఏమిరా, నీ బిడ్డ మనిద్దర్నీ ఇడిసిపెట్టి కాకి తరఫు వకీలయిందే!"

"దాన్ని కాలేజీలో చేర్పించింది నువ్వే గదన్నా. నువ్వే అనుభవించు."

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకొని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నేను మాత్రం ఎర్రబడిన ముఖంతో నిలబడి, నా వాదాన్ని ఒక్కరైనా ఒప్పుకోలేదే అని కుమిలిపోతున్నాను. నాకు కావలసింది నా కళ్ళముందే జరుగుతూ ఉంటే, విత్తన వ్యాప్తిలో పక్షుల పాత్రను ఇంకెలా నిరూపించాలా అని ఆలోచిస్తున్న ఆ అమ్మాయి ఇప్పుడు ఎదురుపడితే, దగ్గరకు తీసుకొని ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాలనిపిస్తుంది.

మరునాడు పెద్దమ్మే ఆ కంపను లాగి పారేసింది. చెట్లు కొట్టలేదు. పెద్దనాయన ఇంటి వాకిళ్ళకు కలప గోరంట్ల నుంచి వచ్చింది. మొదటి చెట్టు తానే నాటానని అన్నదమ్ములిద్దరూ ఇప్పటికీ అంటారు. కాకపోతే ఇప్పుడు ఆ మాట ఒకే చెట్టు నీడన, పక్కపక్కన కూర్చొని అంటారు.