కుళ్లు కుప్ప పక్కన కాసిన లక్ష్మణఫలం

కరోనా రావడానికి రెండేళ్ల ముందు, దసరా ఇంకో వారం ఉందనగా, మా ఉద్యాన అధికారిగారు నన్ను కోటబొమ్మాళి దగ్గర ఒక ఊరికి పంపించారు. అప్పలనర్సమ్మ అనే రైతు తోటలో నలభై లక్ష్మణఫలం చెట్లున్నాయి. పోయినేడు లేత చెట్ల తొలిపూత రాలిపోయింది, ఈ ఏడు విరగబూసినా కాయ నిలవలేదు. చెట్లు ఉంచాలో తీసేయాలో చూసి నోట్ రాసి తీసుకురమ్మన్నారు.

అప్పటికి నేను సర్కారు నర్సరీలో హెడ్ మాలీని. ఏడో తరగతిలో బడికీ నాకూ పడక విడిపోయాం. రోజుకూలీగా చేరి, మాలీనై, రిటైరు కావడానికి రెండేళ్ల ముందు హెడ్ మాలీనయ్యాను. అదేమంత గొప్ప హోదా కాదు. నా కింద ఇద్దరు మాలీలు, నా పైన మిగతా ప్రపంచం.

మా శాఖలో మొక్క పెంచి ఇవ్వడం మాలీ పని, చీడకి మందు చెప్పడం అధికారి పని. ఆయన చెట్టు చూసి, మందు పేరూ మోతాదూ చీటీ మీద రాసి సంతకం పెట్టాలి. కానీ ఖాకీ చొక్కా వేసుకుని ఊళ్లోకి వెళ్తే నన్ను కూడా డాక్టరుబాబు అనేవారు. ఆ పిలుపు వింటే నాకు ఒళ్లు తెలిసేది కాదు. అడగకపోయినా రెండు సలహాలు పడేసి వచ్చేవాణ్ణి.

ఆ తోటకి మొక్కలిచ్చింది నేనే. నీరు నిలవని ఎర్రనేల, గాలికి అడ్డుగా చుట్టూ జీడితోట, లక్ష్మణఫలానికి అంతకంటే మంచి చోటు దొరకదు. ఆ ఏడు మే నెలలో అటు వెళ్లినప్పుడు పువ్వుల్లో నల్లటి బుల్లి పెంకు పురుగులు కనిపిస్తే, పూత ఉన్నన్నాళ్లూ మందు కొట్టించమన్నాను. తోట మధ్యలో జీడిపళ్ల కుప్ప ఒకటి కుళ్లుతోంది. మా వైపు గింజ తీసుకుని పండు పారేస్తారు. ఈ కంపుకి పువ్వులు ముక్కు మూసుకుంటున్నాయి, ఇంక కాయలేం కాస్తాయి అని నవ్వించి, కుప్ప కూడా ఎత్తించేయమన్నాను. అందరితోపాటు నేనూ నవ్వాను.

దసరా ముందు వెళ్లినప్పుడు ఆ నవ్వు లేదు. పొలం ఉమ్మడిది. మరిది సన్యాసిరావు అక్కడ సరుగుడు వేద్దామంటున్నాడు. ఈ ఏడూ కాయకపోతే చెట్లు కొట్టేయడానికి అప్పలనర్సమ్మ ఒప్పుకుంది. భర్త పోయాక ఆమె ఎవరినీ అడక్కుండా వేసిన తోట అదొక్కటే. సరుగుడు నారు అప్పటికే గట్టు నీడలో దిగిపోయి ఉంది. సోమవారం చెట్లు కొట్టేవాళ్లు వస్తారు. నేను వెళ్లింది శుక్రవారం.

ఆమె వరస వరసా చూపించింది. కాండాలకీ ముదురు కొమ్మలకీ మందపాటి రేకుల పువ్వులున్నాయి, కింద రాలినవి అంతకు రెట్టింపున్నాయి, వెతికినా పిందె లేదు. చివరి వరస దగ్గర ఆమె ఆగిపోయింది. అటు ముళ్లు తప్ప ఏమీ లేవని, టీ తాగుదాం రమ్మని తొందరపెట్టింది. అంత దాస్తున్నావంటే ఆ మూల సారా కాస్తున్నావేమో అన్నాను. నవ్వలేదు. దాంతో నేను అటే నడిచాను.

మూలలో కొబ్బరి మట్టలు కప్పిన కుప్ప ఉంది. మట్ట ఎత్తి చూస్తే జీడిపళ్ల తుక్కు, పనస తొక్కలు, తాటి టెంకలు. దాని మీదికి వంగిన చెట్టుకి కాయలు. ఒక్కొక్కటి రెండు చేతులకీ నిండేంత, పచ్చగా, మెత్తటి ముళ్లతో. పదకొండు దాకా లెక్కపెట్టి ఆపేశాను. పువ్వు పండవడానికి ఐదారు నెలలు పడుతుంది. అంటే ఇవి నేను సలహాలిచ్చి వెళ్లిన మే నెల పూతవే.

కుప్ప చూసి కోపం వచ్చిందనుకుంది అప్పలనర్సమ్మ.

"తిట్టకండి బాబూ. ఎత్తీమన్నారు గానీ అంత దూరం ఎవులు మోస్తారు? ఈ మూలకి లాగించీసినాను. మందు గొట్టం కూడా ఈ సెట్టుకి అందనేదు."

కాసిందని ఎందుకు చెప్పలేదని అడిగాను.

"సెట్టు సూపిస్తే కుప్ప కనబడిపోద్ది కదా. సెప్పిన మాట ఇన్నేదని మీరు రాసీసి ఎల్లిపోతే నా నలభై సెట్లూ పోతాయి."

ఆ చెట్టు పువ్వొకటి కోసి రేకులు విప్పాను. లోపల అవే నల్లటి పెంకు పురుగులు, ఒళ్లంతా పుప్పొడితో. వెనక్కి వెళ్లి, మందు కొట్టిన వరసల్లో పది పువ్వులు విప్పాను. ఒక్కదాంట్లోనూ పురుగు లేదు. వచ్చి గట్టు మీద కూర్చున్నాను.

అక్కణ్ణుంచే అధికారిగారికి ఫోన్ చేశాను. ఆయన చెప్పింది ఇది. ఈ పువ్వు ముందు ఆడది, తర్వాత మగది. మా ఆఫీసులో పొద్దున గుమాస్తాగా ఉండి మధ్యాహ్నానికి యూనియన్ నాయకుడయ్యేవాడొకడు ఉండేవాడు, అలాగన్నమాట. తన పుప్పొడి రాలే వేళకి తన ఆడతనం అయిపోతుంది కాబట్టి ఒక పువ్వు పొడి ఇంకో పువ్వుకి చేరాలి. దాన్ని మోసేవి ఆ పురుగులు. అవి పిల్లలు పెట్టేది కుళ్లిన పళ్లలో. ఇదంతా చెప్పి, మందు ఎవరు రాశారని అడిగారు. నేనేనన్నాను.

ఈలోగా సన్యాసిరావు వచ్చాడు.

"ఏటి డాక్టరుబాబూ, మొకం అలగైపోనాదేటి? రాసీసినావా?"

తప్పు చెట్లది కాదు, నాది అని జరిగిందంతా చెప్పాను. ఆయన కాయల చెట్టు వంకా, నా వంకా మార్చి మార్చి చూశాడు.

"అయితే కొట్టాల్సింది సెట్లని కాదన్నమాట."

అప్పలనర్సమ్మ మాత్రం ఆ మాటతో సరిపెట్టుకోలేదు.

"మీరిప్పుడు అన్నది కాగితం మీద రాయండి, బాబూ. రేపు మళ్లీ మీరే నవ్వించీసి ఎల్లిపోతారు."

రాశాను. చెట్లు ఆరోగ్యంగా ఉన్నాయి, అధికారి అనుమతి లేకుండా హెడ్ మాలీ చెప్పిన మందు వల్ల కాయ నిలవలేదు, ఉంచవలెను. కింద నా సంతకం. ఆ కాగితం మీదే నాకు మెమో వచ్చింది. సర్వీసంతటిలో అదొక్కటే మెమో, దానికి నేను అప్పీలు చేయలేదు.

సన్యాసిరావు సరుగుడు నారు వేరే పొలం చెక్కలో వేసుకుని, ఈ తోటకి ఒక్క వేసవి గడువిచ్చాడు. ఆ వేసవి మందు కొట్టలేదు, కుప్పలు నాలుగు చోట్ల పెట్టారు. సగానికి పైగా చెట్లు కాశాయి. కొన్ని కాయలు వంకరపోయాయి, కొన్ని చెట్లు అసలు కాయలేదు. గొడ్డలి మాట మళ్లీ రాలేదు.

పువ్వులో పురుగు కనబడితే, అది పువ్వుని తింటోందా, పువ్వు పని చేస్తోందా అన్నది విప్పి చూస్తే తప్ప తెలియదు. చూడనివాడు మందు చెప్పకూడదు. ముప్పై రెండేళ్లు మొక్కలు పంచినవాణ్ణి, లక్ష్మణఫలం పువ్వు విప్పి చూడడం నాకు ఆ శుక్రవారమే మొదలు.