పాడు ఊరికి పిల్లనివ్వనన్న మా నాయనమ్మ

మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు గానీ, ఊరి పేరు చెవిన పడితే చాలు, ఆ ఊరి నేలా నీళ్ళూ చూసొచ్చినట్టే చెప్పేది. పేరులో 'చెర్ల' ఉంటే చెరువున్నట్టే, పిల్లకు నీళ్ళ కరువుండదు. 'కొండ' ఉంటే బిందెలు మోసి మోసి మోకాళ్ళు అరుగుతాయి. 'గుంట' ఉంటే వానాకాలం వంటింట్లోకి కప్పలొస్తాయి. మా రొంపిచెర్లలో ఏ పిల్లకు సంబంధం వచ్చినా అబ్బాయి సంగతి తర్వాత, ముందు ఊరి పేరు ఆమెకు వినిపించాల్సిందే.

అందుకే, ఎనభైల్లో, నరసరావుపేటలో నా డిగ్రీ అయిపోయిన ఏడు ఎడ్లపాడు సంబంధం వస్తే, మా నాన్న ఊరి పేరు మింగేశాడు. "చిలకలూరిపేట వైపులే అమ్మా" అని తప్పించుకున్నాడు.

పెళ్ళిచూపులకొచ్చిన అబ్బాయి కాఫీ గ్లాసు అందుకుంటూ వేళ్ళు కాల్చుకుని, "అబ్బే, ఏం కాలేదండీ" అంటూ ఉఫ్ ఉఫ్‌మని ఊదుకున్నాడు. నాకు నవ్వాగలేదు. అతనికీ ఆగలేదు. అంతే, మనిషి తెగ నచ్చేశాడు! లోపలికెళ్ళి తలుపు వెనక నిలబడ్డాను గానీ కాళ్ళు నేల మీద ఆనితే ఒట్టు.

అప్పుడు అతని తండ్రి మురిసిపోతూ, "మా ఎడ్లపాడులో..." అని మొదలుపెట్టాడు. మంచం మీద కూర్చున్న నాయనమ్మ వక్క నమలడం ఆపేసింది.

"ఏందీ, పాడా? పాడు ఊరికి నా మనవరాల్ని ఇచ్చేది లేదు. లెగండి."

అతని తండ్రి కండువా దులిపి లేచాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నవ్వే మొగుడు దొరికితే మధ్యలో నీ పాడుగోలేందే అని అరవాలనిపించింది.

అబ్బాయి మాత్రం లేవలేదు. "మామ్మగారూ, పేరు చివర పాడంటే ఊరనేనండీ. పాడైందని కాదు."

"నాకు జెప్పమాక. పాడంటే పాడే."

"సరే, అట్టాగే కానీండి. మరి మీ ఊరి పేరులో రొంపి ఉంది గదా, రొంపంటే ఏందండీ?"

"బురద. ఏం, బురద లేకుండా నీ కంచంలోకి అన్నమొచ్చిద్దా?"

"నేననేదీ అదేనండీ. రొంపిలో దిగబడ్డ బండిని లాగాలంటే ఎడ్లు గావాలి గదా? మా ఊరి పేరు నిండా ఎడ్లే!"

ముందు మా నాన్న ఫక్కుమన్నాడు. నిలబడ్డ వియ్యంకుడు కూలబడి నవ్వాడు. నాయనమ్మయితే వక్క పొరబోయి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "ఒరేయ్, గట్టోడేరా వీడు! ఇచ్చాం పో" అంది.

"నాకిష్టమే!" అని తలుపు వెనక నుంచి అరిచేశాను.



"ఏమే, నిన్నెవరడిగారే?" అంది నాయనమ్మ.

"ఎవరూ అడగలేదనే చెప్తన్నా."

ఆమె తలుపు వైపు తిరిగింది. "నా పెళ్ళప్పుడు నన్ను గూడా ఎవరూ అడగలేదే" అంది. తర్వాత అందరి ముందూ మంచం మీద పక్కకు జరిగి, వచ్చి కూర్చోమని నాకు చోటిచ్చింది.