తెల్లకాగితం అంటించని డబ్బా

"అరేయ్, టీచరమ్మ పోయిందిరా" అని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను కామారెడ్డి బస్టాండ్‌లో మిర్చి బజ్జీ తింటున్నాను. ఒక మహనీయురాలి మరణవార్త వినాల్సిన భంగిమ ఇది కాదని నాకు తెలుసు. కానీ అలాంటి వార్తలు మన భంగిమ చూసి రావు కదా.

"పొద్దుగాల లేచింది. చాయ్ తాగింది. గిలాస కడిగి బోర్లిచ్చింది. మంచంల ఒరిగింది. గంతే" అంది అమ్మ.

నోట్లో బజ్జీ అలాగే ఉండిపోయింది. మింగడం అగౌరవమా, ఉమ్మడం అగౌరవమా అని కాసేపు ధర్మసంకటంలో పడి చివరికి మింగాను. తిండి ఉమ్మేయడం టీచరమ్మ చట్టంలో శిక్షార్హమైన నేరం. ఆ తర్వాత ఎల్లారెడ్డి బస్సు ఎక్కి, ఊరు వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. పక్కాయన రెండుసార్లు టైమెంతని అడిగాడట, నాకు వినిపించలేదు.

పాఠకులారా, ఇలాంటి వ్యాసాల్లో "తీరని లోటు" అని రాయడం ఆనవాయితీ. టీచరమ్మ ఆ మాట చదివితే కళ్లద్దాల మీదుగా చూసి, "ఎంత లోటుర? కొల్చినవా?" అని అడిగేది. అందుకని ఆ మాట రాయను. నాకు తెలిసింది మాత్రం రాస్తాను.

ఎల్లారెడ్డిలో మా వీధి చివరి ఇల్లు ఆమెది. ముప్పై ఏళ్లకు పైగా అంగన్‌వాడీ నడిపింది. మా వీధిలో పుట్టిన నా ఈడు వాళ్లమంతా అమ్మ చెయ్యి విడిచి మొదటిసారి ఏడ్చింది ఆమె గుమ్మంలోనే. పనికిరాని వస్తువులతో పిల్లలకు ఆటబొమ్మలు చేయడం ఆ ఉద్యోగంలో నేర్చుకుంది. ఉద్యోగం అయిపోయినా ఆ విద్య చేతుల్లోంచి పోలేదు. చేయడానికి ఏదైనా కావాలి. అప్పుడు ఆమె దృష్టి పెళ్లి కార్డుల మీద పడింది.

మన ఇళ్లలో పెళ్లి కార్డు ఒక పెద్ద సమస్య. పెళ్లి భోజనం తిని వచ్చాక దానితో పనిలేదు. పారేద్దామంటే పైన వినాయకుడు. కాల్చేద్దామంటే నాలుగు మూలలా పసుపు. కాబట్టి ప్రతి ఇంట్లో టీవీ వెనకాలో, బీరువా మీదో ఒక కట్ట పెరుగుతూనే ఉంటుంది. టీచరమ్మ భుజానికి సంచి తగిలించుకుని "కార్డులున్నయా, కార్డులు?" అంటూ ఇంటింటికీ తిరిగేది. ఆమెను చూస్తే మా వీధి గృహిణుల మొహాల్లో పాపవిముక్తి కలిగిన వెలుగు కనిపించేది.

ముందు దేవుళ్ల బొమ్మలన్నీ జాగ్రత్తగా కత్తిరించి ఒక సంచిలో వేసేది. వినాయక నిమజ్జనం రోజు అవన్నీ నీళ్లలో కలిసేవి. మేము ట్రాక్టర్ మీద డీజే పెట్టి ఒక్క వినాయకుణ్ణి సాగనంపుతుంటే, ఆమె మా వెనకాలే ఏ చప్పుడూ లేకుండా రెండు మూడు వందల మందిని సాగనంపేది.

మిగిలిన అట్టతో డబ్బాలు. మైదాపిండి ఉడికించి చేసిన జిగురు, ఒక కత్తెర, ఒక స్కేలు, అంతే సరంజామా. చతురస్రాలు, ఆరు పలకలవి, అరటిపువ్వులా విచ్చుకునేవి. కొలత ఒక్క గీతంత తప్పినా విప్పేసేది. తొందరపెడితే "కత్తెర ఉరికితే కాయితం ఏడుస్తది బిడ్డా" అనేది. ప్రతి డబ్బా లోపలా తెల్లకాగితం అంటించేది, పేర్లూ ముహూర్తాలూ కనబడకుండా. ఎందుకంటే, "ఒకరి పెండ్లి మీద ఇంకొకరు ముద్దలు పెట్టుకొని తినుడు మర్యాద గాదు" అనేది.

ఆ డబ్బా ఖాళీగా ఏ ఇంటికీ వెళ్లలేదు. "ఖాళీ డబ్బా చేతిల పెడితే ఆకలి చేతిల పెట్టినట్టే" అన్నది ఆమె సిద్ధాంతం. నువ్వుల ముద్దలు, పల్లి పట్టీలు, గరిజెలు, పేలాల ముద్దలు. ఎవరింట్లో పాప పుట్టినా, ఎవరు మస్కట్ విమానం ఎక్కినా, ఎవరి బర్రె ఈనినా ఒక డబ్బా. నేను డిగ్రీ పూర్తిచేశానని చెప్పినప్పుడు కూడా ఇచ్చింది. మూత తీస్తే ఒక మూల ఖాళీ.

"ఇదేంది టీచరమ్మా, తక్కువున్నయ్?"

"ఇంక రెండు సబ్జెక్టులు మిగిలినయంట గదా. రెండు ముద్దలు నా దగ్గర్నే ఉన్నయ్. పాసైనంక తీస్కపో."

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది మా అక్క పెళ్లి సంగతి.

అక్కకు మొదట ఒక సంబంధం కుదిరింది. కార్డులు కొట్టించాం. సగం పంచాం కూడా. అప్పుడు తెలిసింది, పెళ్లికొడుకు అంతకుముందే హైదరాబాద్‌లో రిజిస్టర్ పెళ్లి చేసుకున్నాడని. మాకు చెప్పడానికి మొహమాటపడ్డాడట. చాలా మర్యాదస్తుడు. పెళ్లి ఆగిపోయింది. మిగిలిన కార్డుల కట్టను అమ్మ కొంగు చాటున టీచరమ్మకు ఇచ్చి, "ఎవ్వలకు కండ్లవడకుంట చెయ్యి" అంది.

ఏడాది తర్వాత గాంధారి నుంచి ఇంకో సంబంధం వచ్చింది. అబ్బాయి మస్కట్‌లో ఏసీ మెకానిక్, సెలవు మీద వచ్చాడు. మంచి కుటుంబం. పాత సంగతి మాట్లాడొద్దని మధ్యవర్తి అన్నాడు. బాపు సరేనన్నాడు. చెప్పేద్దామని అక్క ఒక్కసారి నోరు తెరిచింది. బాపు చూసిన చూపుకు మూసుకుంది.

టీచరమ్మ మా ఇంటికి వచ్చి మరీ చెప్పింది. "తమ్మీ, తప్పు మన పిల్లది గాదు. చెప్పేస్తె ఒడిశిపోతది. దాచింది మాసిపోదు, ముదురుతది."

"టీచరమ్మా, మీరు పిల్లలకు అ ఆలు చెప్పుండ్రి. ఆడపిల్ల తండ్రికి చెప్పకుండ్రి" అన్నాడు బాపు. ఆమె చాయ్ తాగి వెళ్లిపోయింది.

నిశ్చితార్థం రోజు అబ్బాయి తరఫు వాళ్లకు ఇవ్వడానికి ఇరవై డబ్బాలు టీచరమ్మే చేసింది, నువ్వుల ముద్దలతో. అక్క స్వయంగా అందరి చేతుల్లో పెట్టింది. అబ్బాయి వాళ్లమ్మకు ముద్దలంటే ప్రాణమట. అక్కడే కూర్చుని ఒకటి, రెండు, ఐదు. డబ్బా అడుగు కనిపించింది. ఆమె నమలడం ఆపేసింది.

"ఇదేంది? పేరు మన పిల్లదే. పక్కన పేరు మావోనిది గాదు."

అడుగున తెల్లకాగితం లేదు. చి.ల.సౌ. తర్వాత మా అక్క పేరు, చి. తర్వాత ఆ మర్యాదస్తుడి పేరు, బంగారు రంగు అక్షరాల్లో. ముద్దలు తింటున్న చేతులన్నీ డబ్బాల్లోనే ఆగిపోయాయి. ఫ్యాను మాత్రం తిరుగుతోంది, దానికి మా పరువుతో సంబంధం లేదు కాబట్టి.

మధ్యవర్తి లేచాడు. "అది ప్రింటింగ్ మిస్టేక్ అక్కా."

"మిస్టేకా? అబ్బాయి పేరు మిస్టేకు, వాళ్ల నాయిన పేరు మిస్టేకు, ఊరు మిస్టేకు, తారీకు పోయినేడుది, అదీ మిస్టేకేనా? ప్రెస్సోడు ఏమన్న తాగి కొట్టిండా?"

నేను జోకులేసే మనిషినని ఊళ్లో పేరు. ఆ క్షణంలో నేను చాప మీద రాలిన నువ్వులు ఏరుతూ కూర్చున్నాను. బాపు మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. అప్పుడు తలుపు పక్కనుంచి అక్క ముందుకొచ్చింది.

"అత్తమ్మా, ఆ కార్డు నాదే. పోయినేడు అయితదనుకున్న పెండ్లి. ఆయనకు అంతకుముందే పెండ్లయిందని తెల్సి ఆగింది. మీకు ముందుగాలనే చెప్పాల్సింది. చెప్పలే. తప్పే."

ఆమె డబ్బా మూత పెట్టింది. "పిల్ల చెప్పింది కాబట్టి కోపం జర ఆపుకుంటున్న. పెద్దోళ్లు చెప్పనందుకు మాత్రం ఆపుకోలేను" అంటూ ఆ డబ్బా పట్టుకునే లేచింది. వాళ్ల కారు వెళ్లిపోయింది. మిగిలిన పంతొమ్మిది డబ్బాలు చాప మీదే ఉండిపోయాయి.

బాపు తిన్నగా టీచరమ్మ ఇంటికి వెళ్లాడు. నేను వెనకాలే పరిగెత్తాను.

"ఎంత పని చేసిన్రు టీచరమ్మా! నా బిడ్డ బతుకు డబ్బల పెట్టి పంచిన్రు."

ఆమె గుమ్మంలో నిలబడి, "కండ్లు మసకలొచ్చినయ్ తమ్మీ. ఒక్కదానికి కాయితం అంటిచ్చుడు మర్శిన" అంది. అంతే. వాదించలేదు, ఏడవలేదు.

ఐదు రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగింది గానీ ఎవరూ సరిగా తినలేదు. ఆరో రోజు అబ్బాయి వాళ్లమ్మ ఫోన్. "పిల్లకియ్యుండ్రి" అంది. అక్క తీసుకుంది. "కార్డులు కొట్టియ్యుండ్రి. ఈసారి మావోని పేరు సక్కగ కొట్టియ్యుండ్రి" అని అవతల నుంచి మాకందరికీ వినిపించేంత గట్టిగా చెప్పింది. ఇప్పుడు అక్క గాంధారిలో ఉంది. ఒక కూతురు. అత్తగారికీ అక్కకూ మధ్య దాపరికాలు లేవు, అప్పుడప్పుడు పోట్లాటలు మాత్రం ఉన్నాయి, అవి ఆరోగ్యానికి మంచివే.

పెళ్లి బాగా జరిగినా బాపు మాత్రం టీచరమ్మతో మాట్లాడలేదు. మూడేళ్లు. ఎదురొస్తే వీధి దాటేవాడు. ఆమె పంపిన డబ్బాలు వస్తూనే ఉన్నాయి, బాపు వాటి వంక చూసేవాడు కాదు. "గా డబ్బల ఏమేమున్నయో దేవునికెరుక" అని మొహం తిప్పుకునేవాడు.

నాకు మాత్రం అనుమానం. వెయ్యి డబ్బాలకు అంటించిన చెయ్యి ఒక్కదానికి మరిచిపోతుందా? అది కూడా సరిగ్గా అబ్బాయి వాళ్లమ్మ చేతికి వెళ్లేదానికి? నేను విచారణాధికారి హోదాలో ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె గోడకు ఆనుకుని ఎవరో పిల్లాడి చొక్కాకు గుండీ కుడుతోంది. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించింది.

"కండ్లు మసకలన్నవ్?"

"సూదికి మసకలుండయ్ బిడ్డా. కాయితానికే."

"కావాలనే చేసినవా? నిజం చెప్పు."

"గరిజెలు తింటవా?"

ఇలా విచారణ గరిజెలతో ముగిసింది. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు కేసు తిరిగి తెరిచినా ఏదో ఒక తినుబండారంతోనే మూతబడింది.

ఆమె పోయిన మూడో రోజు పిట్టకు పెట్టడానికి ఊరి శ్మశానానికి, అదే వైకుంఠధామానికి వెళ్లాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడాలి. కాకి రాకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలిందని లెక్క. అది తీరుస్తామని ఒక్కొక్కరూ మాట ఇస్తారు. అక్క గాంధారి నుంచి ఆటోలో వచ్చింది. బాపు కూడా వచ్చాడు. అందరికంటే వెనక, గేటు దగ్గర నిలబడ్డాడు.

కాకి రాలేదు.

టీచరమ్మ కూతురు బాన్సువాడ నుంచి వచ్చింది. "అమ్మా, ఇల్లు ఎవ్వలకు అమ్మను. నెలకొక్కసారి వచ్చి ఊడుస్త" అంది. కాకి రాలేదు. మా అమ్మ "కార్డులు నేను జమచేస్త టీచరమ్మా" అంది. రాలేదు. నేను ముందుకెళ్లి, "మిగిలిన రెండు సబ్జెక్టులు ఈసారి పాసైత" అని గంభీరంగా ప్రమాణం చేశాను. వేపచెట్టు మీదున్న ఒక్కగానొక్క కాకి లేచి ఎటో వెళ్లిపోయింది. కొందరు నవ్వు ఆపుకోలేకపోయారు. టీచరమ్మ ఉంటే ఆమే ముందు నవ్వేది.

అక్క నవ్వలేదు. బాపు వైపు తిరిగింది.

"బాపూ, ఆమె మర్శిపోలే. గా డబ్బ చేసింది నేను."

అందరం అక్క వంక చూశాం.

"నిశ్చితార్థం ముందటి రోజు పొద్దుమూకంగ డబ్బలు చేసెతందుకు పోయిన. నా కార్డు నా ముంగట పెట్టింది. 'కాయితం ఇగో, జిగురు ఇగో. అంటిస్తవో లేదో నువ్వే చూస్కో బిడ్డా. పెండ్లి నీది. నేను చాయ్ పెట్టుకొస్త' అన్నది. చాయ్ పెట్టుడు అర్ధగంట చేసింది. నేను అంటియ్యలే. అత్తమ్మ చేతిల నేనే పెట్టిన. నోటితోని చెప్పే ధైర్యం లేక."

"మరి ఆమె..." అన్నాడు బాపు.

"నీకు చెప్పొద్దన్నది. 'నువ్వు అత్తగారింటికి పోయేదానివి, బాపుతోని లొల్లి పెట్టుకొని పోకు. ఆ కోపమేదో నా మీద ఉండనియ్యి. నేనుండంగ చెప్పకు' అన్నది."

"మూడేండ్లు?"

"మూడేండ్లు."

బాపు చెప్పులు విడిచి విస్తరి దగ్గరికి నడిచాడు. చేతులు జోడించాడో, కండువా సర్దుకున్నాడో తెలియలేదు. మేం దూరంగా ఉన్నా ఆయన మాట వినిపించింది.

"టీచరమ్మా, నీ ముద్దలు తిన్న. ఎవ్వలు లేనప్పుడు తిన్న. ప్రతిసారి తిన్న. మంచిగున్నయని ఒక్కసారన్న చెప్పకపోతి."

అక్క ఏడ్చింది. అమ్మ నా భుజం పట్టుకుంది. నేను, విచారణాధికారిని, మూడేళ్ల కేసు తీర్పు వింటూ నిలబడ్డాను. ఒక మనిషి వెయ్యి డబ్బాలు చేసి పంచడం గొప్పే. కానీ అందులో ఒక్కదాన్ని ఎదుటివాళ్ల చేత చేయించి, దాని బరువు తాను మోయడానికి చాలా పెద్ద చెయ్యి కావాలి. ఆమె చేతులు చూస్తే చిన్నవే.

ఒక ఉడుత వచ్చింది. విస్తరి చుట్టూ ఒకసారి తిరిగి పల్లి పట్టీ ముక్క ఒకటి పట్టుకుపోయింది. ఉడుత ముడితే లెక్కకు వస్తుందా రాదా అని పెద్దవాళ్లలో చర్చ మొదలైంది. వస్తుందని ముగ్గురు, రాదని ఇద్దరు. ఎండ ఎక్కువవుతుండటంతో వస్తుందనే పక్షం గెలిచింది. అందరూ గేటు వైపు నడిచారు.

బాపు కదల్లేదు. అమ్మ పిలిచింది, ఆటో అతను హారన్ కొట్టాడు. బాపు వెనక్కి చూడకుండా చెయ్యి మాత్రం ఎత్తాడు, మీరు పొండి అన్నట్టు. ఒక కుక్క విస్తరి వైపు వస్తుంటే కండువాతో అదిలించాడు. ఆటో మలుపు తిరిగేదాకా కనిపిస్తూనే ఉన్నాడు. ఎండలో, ఉత్త కాళ్లతో, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని వేపచెట్టు కొమ్మల్లోకి చూస్తూ నిలబడి ఉన్నాడు.