మిగతావాళ్ళ మాస్టారు

ముప్ఫయ్యొక్కేళ్ళు ఆ ఇంట్లో ఒకే ప్రశ్నతో తెల్లవారింది. మాస్టారు వంటగది గుమ్మంలో నిలబడి, సింకులోకి ఓసారి తొంగి చూసి, భార్య చేతిలోంచి టీ గ్లాసు అందుకుంటూ "మిగతావాళ్ళెలా ఉన్నారు?" అనేవారు.

ఇంట్లో ఉండేదే ఇద్దరు. అందులో ఒకరు అడిగే మనిషి. ఇంక మిగతావాళ్ళెవరో అర్థంకాక ఆవిడ పక్కింటి పిన్నిగారి మోకాళ్ళ నుంచి గోడ మీద బల్లి దాకా అందరి సమాచారమూ చెప్పుకొచ్చేది. ఆయన టీ తాగుతూ బుద్ధిగా వినేవారు.

ఇప్పుడు నాలుగు నెలలుగా ఆ గుమ్మం ఖాళీ. టీ ఒక్క గ్లాసే పెడుతోంది. కడిగేటప్పుడు మాత్రం చెయ్యి రెండో గ్లాసు దగ్గరికి పోతోంది.

మాస్టారు పశువైద్య కళాశాలలో పాఠం చెప్పేవారు. జబ్బు చేసిన పశువును చూసే డాక్టర్లు చాలామందే ఉన్నారు. మాస్టారి చూపు దాని పక్కన నిలబడ్డవాటి మీద ఉండేది. మంద మొత్తం ఏం తింటోంది, ఎంత తాగుతోంది, ఏది ఎక్కడ పడుకుంటోంది, ఇదే ఆయన చదువు, ఆయన పరిశోధన. అది పశువులతో ఆగినా బాగుండేది. ఆగలేదు.

ఒకసారి కోళ్ళఫారం ఆయన చచ్చిన కోడిని సంచీలో వేసుకుని ఏడుపు మొహంతో ఇంటికే వచ్చేశాడు.

"పొద్దున లేచి చూసేసరికి పోయింది సార్!"

"మిగతావి?"

"బాగానే ఉన్నాయి సార్. దీన్ని కోసి చూస్తారని తెచ్చాను."

"ల్యాబులో కోస్తాం లేవయ్యా. మిగతావి ఎన్ని?"

"అయిదు వేలు."

"అయిదు వేలూ నీళ్ళు తాగుతున్నాయా?"

"ఒక్కొక్కదాన్నీ అడగలేదు సార్!"

"అడగక్కర్లేదు, తొట్టి చెబుతుంది. నిన్న ఎన్ని నీళ్ళు పట్టావు? ఎన్ని మిగిలాయి?"

మాస్టారు సంచీతో సహా ఆయన్ని స్కూటరెక్కించుకుని పోయారు. చూస్తే, రెండ్రోజులుగా కోళ్ళు సగం నీళ్ళు కూడా తాగడంలేదు. జబ్బు మొదట్లోనే దొరికింది. నెల తిరక్కుండా కోళ్ళఫారం ఆయన గుడ్ల అట్ట తెచ్చి గుమ్మంలో పెట్టాడు. "అమ్మగారూ, ఇవి మిగతావి పెట్టినవి!"

ఆవిడకు పన్ను నొప్పి వస్తే "మిగతా పళ్ళెలా ఉన్నాయి?" అన్నారు. పక్కింటి పిన్నిగారు వచ్చి "మా అల్లుడు ఉద్యోగం మానేశాడు నాయనా" అని ముక్కు చీదితే, "మిగతా అల్లుళ్ళో?" అన్నారు.

"నాకున్నది ఒక్కడేగా!"

"అయ్యో, అయితే జాగ్రత్తగా చూసుకోండి."

పిన్నిగారు మళ్ళీ నెలరోజులు ఆ గడప తొక్కలేదు.

ఇవన్నీ ఆవిడ నవ్వుకుంటూ భరించింది. మింగుడుపడనిది ఒక్కటే. ఇన్నేళ్ళలో ఆయన "నీకెలా ఉంది?" అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. పైగా ఆ సింకు తనిఖీ ఒకటి! అత్తగారు కూడా అంత పని చెయ్యలేదు. అయిదువేల కోళ్ళ దాహం తెలిసిన మనిషికి తను కంటికి ఆనిందా లేదా? అడగాలని వందసార్లు అనుకుంది. అడిగేలోపు ఆయనే వెళ్ళిపోయారు.

ఆవిడ తల్లి పోయినప్పుడూ అంతే. ఆవిడ ఏడవలేదు. ఇల్లంతా కడిగింది, గిన్నెలన్నీ తళతళలాడేలా తోమి బోర్లించింది. మాస్టారు సింకు చూసి, "పద, గేదెల్ని చూసొద్దాం" అన్నారు.

"మా అమ్మ పోయి నెల కాలేదు, గేదెలేంటండీ?"

"ఐసుపెట్టె పట్టుకోడానికి మనిషి లేడు."

గేదెల రక్తం పట్టే సీసాలున్న పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆవిడ జీపులో కూర్చుంది. అక్కడ ఆయన ఎనభై గేదెల ముందు స్టూలేసుకుని గంటసేపు కదల్లేదు.

"ఏం చూస్తున్నారండీ?"

"అరిచేదాన్ని ఎవరైనా చూస్తారు. అరవనిది ఎక్కడుందా అని."

ఈలోగా వెనకనుంచి ఒక గేదె వచ్చి ఆయన రిజిస్టరు అంచు నమిలేసింది. మాస్టారు లేచి, మిగిలిన కాగితం చేత్తో పట్టుకుని, గేదెతో చాలా మర్యాదగా "మిగతా పేజీలు నాకు కావాలమ్మా" అన్నారు. తల్లి పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

తర్వాత కూడా అప్పుడప్పుడు జీపు ప్రయాణం తగిలేది. ఒక్కోరోజు ఆవిడ ఆయన తనిఖీ మీద పంతానికి గిన్నెలు తోమేసేది. ఆ రోజూ గేదెలే!

ఆయన పోయాక వచ్చినవాళ్ళంతా ఆవిడ ఎదురుచూసిన ప్రశ్నే అడిగారు. "ఎలా ఉన్నావు?" అన్నారు. ఆవిడ అందరికీ "బాగానే ఉన్నాను" అంది. అందరూ నమ్మి వెళ్ళిపోయారు.

నమ్మనిది పొడుగు డాక్టరమ్మ ఒక్కతే. మాస్టారి శిష్యురాలు, ఇప్పుడు ఆయన క్లాసులు చెబుతోంది. ప్రతి గురువారం ఏదో వంకతో దిగేది. ఒక వారం సారు పుస్తకం కావాలంది, ఒక వారం మంచినీళ్ళు కావాలంది, ఇంకో వారం వంకే దొరక్క "అగ్గిపెట్టె ఉందా?" అంది. ఏ వంకతో వచ్చినా నేరుగా వంటగదిలోకి పోయి, సింకులోకి తొంగి చూసి, మొహం వేలాడేసుకుని వెళ్ళిపోయేది.

ఆ గురువారం ఆవిడకు ఒళ్ళు మండింది.

"ఏమ్మా, మీ సారు పోయినా నాకు ఈ తనిఖీ తప్పదా? అద్దంలా తోమాను, ఇంకా ఏం లోపం?"

"అదేనండీ లోపం."

"ఏది?"

"అద్దంలా ఉండటం."

ఆవిడ చేతిలో పీచు గట్టు మీద పెట్టింది. డాక్టరమ్మ గోడకు ఆనుకుని, కాసేపు నసిగి, చెప్పేసింది. "మూడో ఏడాది మొదటి క్లాసులో సారు ఎప్పుడూ ఒకే కేసు చెప్పేవారమ్మగారూ. 'మా ఇంట్లో ఒకరున్నారు. ఎలా ఉందని అడిగితే బాగానే ఉన్నానంటారు. అందుకని అడగను. బాగుంటే తిన్న గిన్నెలు సింకులో పడేసి, పత్రిక మొహాన కప్పుకుని కునుకు తీస్తారు. బాగాలేకపోతే కంచం తడి ఆరకముందే తోమేస్తారు. శుభ్రమైన సింకు చూస్తే నా గుండె జారిపోతుంది' అనేవారు. పరీక్షలో కూడా ఇచ్చేవారు."

"పరీక్షలోనా!"

"అయిదు మార్కులకు."

"నా సింకుకు అయిదు మార్కులా? మరి నన్ను మిగతావాళ్ళ గురించి అడగడమేంటి?"

"మీ గొంతు వినడానికట. బాగున్నరోజు బల్లి గురించి కూడా చెబుతారట. బాగాలేనిరోజు 'అందరూ బాగానే ఉన్నారు' అని ఊరుకుంటారట."

ఆవిడ కళ్ళు చికిలించింది. "ఐసుపెట్టెకు మనిషి లేడనేవారే?"

"అటెండరుండగా మనిషి లేకపోవడమేంటండీ! మిమ్మల్ని తీసుకెళ్ళిన రోజల్లా అతనికి సెలవు. మీ సింకు మెరవాలని రోజూ మొక్కుకునేవాడు."

ముందు ఆవిడ ముక్కులోంచి చిన్న చప్పుడొచ్చింది. తర్వాత గట్టు పట్టుకుని, ఒళ్ళంతా కదిలేలా నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "పంతానికి తోమిన రోజు కూడా తిప్పారమ్మా నన్ను. గొప్ప డాక్టరే!" అంది.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ కలిసి భోంచేశారు. నాలుగు నెలల్లో ఆవిడ మారు వడ్డించుకోవడం అదే మొదలు. వెళ్తూ వెళ్తూ డాక్టరమ్మ గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఆగింది.

"మిగతావాళ్ళెలా ఉన్నారమ్మగారూ?"

"పిన్నిగారి అల్లుడికి ఉద్యోగమొచ్చింది, ఆవిడ మోకాళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. కోళ్ళఫారం ఆయన కొత్త షెడ్డు వేశాడు. బల్లికి తోక ఊడింది, మళ్ళీ మొలుస్తోంది. ఇంకా..."

"ఇంకా?"

"ఇంకా చాలా ఉన్నాయి గానీ, నీకు క్లాసు లేదూ? గురువారం రా."

తలుపు వేసి ఆవిడ వంటగదిలోకి వచ్చింది. సింకులో రెండు కంచాలు, రెండు గ్లాసులు, అడుగంటిన గిన్నె, గరిటె. అలవాటుగా చెయ్యి పీచు మీదికి పోయింది. ఆవిడ ఆ పీచును తీసి కిటికీలో పెట్టేసింది. సింకు గుమ్మంలోంచి బాగా కనబడేలా పక్కకు జరిగి, మాస్టారు నిలబడే చోటుకేసి ఓసారి చూసింది. పత్రిక తీసుకుని వాలుకుర్చీలో పడుకుని, మొహాన కప్పుకుంది.