మగ్గం గుంటలోకి నీళ్లు

పోచంపల్లిలో మా ఇంట్లో మగ్గం ఉన్న గదికి రేకుల కప్పు. వాన పడితే చూరు నీళ్లన్నీ గోడ మొదట్లో పడి, నేలలోంచి ఊరి, అమ్మ కాళ్లు పెట్టుకుని నేసే మగ్గం గుంటలో చేరేవి. తెలంగాణ వచ్చిన ఏడాదో, ఆ మరుసటి ఏడాదో, నేను పట్నం నుంచి ప్లాస్టిక్ పైపు తెచ్చి, నిలువునా చీల్చి, చూరు పొడవునా దోనెలా బిగించాను. నా పనితనం చూసి నేనే మురిసిపోయాను. మొదటి వానకే దోనె మూతి నుంచి దూకిన నీళ్లను గాలి తెచ్చి మళ్లీ అదే గోడకు కొట్టింది. నాకు ఒళ్లు మండి పైపు పీకేయబోయాను.

"జర ఆగు బిడ్డా," అంది అమ్మ.

చెడిపోయిన నూలు పోగులన్నీ కలిపి రెండు వేళ్ల లావు తాడు పేనింది. ఒక కొస దోనె మూతికి కట్టి, రెండో కొసను వాకిట్లో దూరంగా ఉన్న డ్రమ్ముకు ఏటవాలుగా లాగి కట్టింది. ఇదేం పిల్లలాట అనుకున్నాను. మర్నాటి వానకు నీళ్లు ఆ తాడు పట్టుకుని చక్కగా డ్రమ్ములోకి నడిచాయి. గాలికి తాడు ఊగింది గానీ నీళ్లు దాన్ని వదల్లేదు. గుంట పొడిగా ఉంది.

ఇది నీకెలా తెలుసని అడిగాను. అమ్మ అప్పటికే చిటికి కడుతోంది. రంగు అంటకూడని చోట పోగులను బిగించి కట్టే పని అది.

"కట్టు వదులైతే రంగు పోగు పట్టుకొని పాకుతది. ఇన్నేండ్లు దాన్ని ఆపుడే నా పని," అంది తల ఎత్తకుండా. "ఇయ్యాల ఆపలే, గంతే."