మా గదిదాకా వచ్చిన కార్నర్

ఈ శుక్రవారం కూడా ఓడిపోయాం, మళ్లీ ఆ బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంపు వాళ్ల చేతిలోనే. ఈ అరబ్బు దేశంలో వారమంతా సైట్లో చేసే చాకిరీకి మాకున్న ఒకే ఒక్క సంబరం ఈ కబడ్డీ. అదీ ఏడిపిస్తోంది.

మా ఇండస్ట్రియల్ ఏరియా జట్టులో అందరికీ కూతకు పోవడమే ఇష్టం. అవతలివాడు కూతకొస్తే మూలన నిలబడి కాలు పట్టేవాడు ఒక్కడూ లేడు. ఆ మాటంటే మా రూమ్ రాజన్నకు కోపం; మొదటి కూత ఎప్పుడూ అతనిదే మరి. "ఇంకో కూతగాడు దొర్కితే సాలు, గెలుస్తం" అంటాడు. మధ్యాహ్నం మెస్‌లో ఇదే గొడవతో అన్నం చల్లారిపోయింది.

సాయంత్రం, ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్ల బస్సు మా గేటు దగ్గర ఆగింది. గట్టి మణికట్లున్న ఒకతను దిగాడు. రాజన్న అతని పేరైనా అడగలేదు.

"తమ్మీ, కబడ్డి ఆడ్తవా?"

"ఆడ్తనే. కార్నర్‌ల ఉంట. కాలు దొర్కిందంటే ఇడ్వ."

అంతే, రాజన్న తన వాదమంతా మరిచిపోయాడు. అతని బ్యాగు భుజాన వేసుకుని మా గదికి తెచ్చి, ఖాళీగా ఉన్న కింది మంచం చూపించాడు. అంతలో డ్రైవర్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ కేకేశాడు. అతను దిగాల్సింది ఇక్కడ కాదట. బిర్కత్ క్యాంపులోనట.

బ్యాగు తిరిగి బస్సెక్కించింది కూడా రాజన్నే. వచ్చే శుక్రవారం ఆట మళ్లీ వాళ్లతోనే. ఆ కార్నర్‌కు దొరికే మొదటి కాలు ఎవరిదో మీరే చెప్పండి.