చిన్నమామ పేర్చిన చెప్పులు

మొన్న ఎల్బీనగర్‌లో పెద్దమామ కొత్త ఫ్లాట్ గృహప్రవేశానికి వెళ్లాను. లోపల పెద్దమామ సొంత వియ్యంకుడి పేరు మరిచిపోయి తడుముకుంటున్నాడు. చుట్టాలంతా ఆయన చుట్టూ చేరి, వయసు కదా, పరేషాన్ కావద్దని బుజ్జగిస్తున్నారు. బాదంపప్పు తినమని ఒకరు, పెద్ద డాక్టరుకు చూపిద్దామని ఇంకొకరు. నేను పులిహోర ప్లేటు పక్కన పెట్టేశాను.

మా అమ్మకు ఇంకో తమ్ముడుండేవాడు. చిన్నమామ డౌన్ సిండ్రోమ్‌తో పుట్టాడు. దిల్‌సుఖ్‌నగర్ పాత ఇంట్లో ఏ శుభకార్యమైనా చెప్పుల పెత్తనం ఆయనదే. వచ్చినవాళ్ల చెప్పులు గోడవారన జతలుగా పేర్చేవాడు. పోయేటప్పుడు అడక్కుండానే ఎవరివి వాళ్ల కాళ్ల ముందు పెట్టేవాడు. పేర్లకు నోరు తిరిగేది కాదు గానీ, చెప్పు చూస్తే మనిషి తెలిసిపోయేది. కొత్త చెప్పులతో వచ్చామా, పాతవి ఏమయ్యాయో చెప్పేదాకా గుమ్మం దాటనిచ్చేవాడు కాదు.

నలభై దాటాక జతలు తప్పాయి. తర్వాత బాత్‌రూం దారి కూడా తప్పింది. అన్నీ వేషాలన్నాడు పెద్దమామ. చుట్టాలొస్తే వెనక గదిలో తోసి గడియ పెట్టేవాడు. ఆ గదిలోంచి వచ్చే ఉచ్చకంపు, తలుపు మీద ఆయన అరచేతుల చప్పుడు, ఇవతల ఏమీ విననట్టు మటన్ మెక్కే చుట్టాలు. చివరికి నేనే దవాఖానకు తీసుకెళ్లాను. ఇలా పుట్టినవాళ్లలో చాలామందికి మతిమరుపు జబ్బు మనకన్నా ముందే, నలభై యాభైల్లోనే రావచ్చని, తిట్టి లాభం లేదని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఇంటికొచ్చి అదే చెబితే, పెద్దమామ పుల్లతో పళ్లు కుట్టుకుంటూ నవ్వాడు.

"వానికి మతి ఎన్నడున్నది బిడ్డా, గిప్పుడు పోనీకి?"

నేను వెళ్లడానికి లేచాను. చిన్నమామ చెప్పులు తెచ్చి నా కాళ్ల ముందు పెట్టాడు. ఒకటి నాది, ఒకటి పెద్దమామది. అవే తొడుక్కుని, చిన్నమామ చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాను. పోయేదాకా మా ఇంట్లోనే ఉన్నాడు. చూడ్డానికి ఒక్క చుట్టం రాలేదు.

మొన్న అందరినీ సాగనంపడానికి పెద్దమామ గుమ్మం దగ్గరికొచ్చి, ఆ చెప్పుల గుట్ట ముందు ఆగిపోయాడు.

"నా చెప్పులేడున్నయ్ బిడ్డా?"

నేను కదిలేలోపే అరడజను మంది వంగి వెతకడం మొదలుపెట్టారు. కాలం అన్నదమ్ములిద్దరి దగ్గరా తీసుకున్నది ఒకటే. పోయిందని వీళ్లు ఒప్పుకున్నది మాత్రం ఒక్కడి విషయంలోనే.